ఐదో స్టాపు

2008 ఆగస్టు 12, మంగళవారం. సాయంత్రం ఆరు గంటల పది నిమిషాలకు, పాశమైలారం నుంచి ఇస్నాపూర్ వచ్చే షేర్ ఆటోలో, నర్సన్న తాను గీసిన గోడను పక్కమనిషి ఫోనులో చూశాడు.

పక్కమనిషి పేరు సుమిత్ర. మందుల కంపెనీలో ప్యాకింగ్ పని చేస్తుంది. చిట్కుల్‌లో నర్సన్న ఉండే కిరాయి గదుల వరసలోనే చివరి గది ఆమెది. ఆటో వెనక సీటులో ఆరుగురు ఉన్నారు. సుమిత్ర టిఫిన్ డబ్బాను మోకాళ్ల మధ్య పెట్టుకుని రెండు బొటనవేళ్లతో ఫోను నొక్కుతోంది. తెర మీద ఎర్రబస్సు ఒకటి పోతోంది. బస్సు వెనక గోడలు కదులుతున్నాయి. గోడల మీద అక్షరాలున్నాయి. అవి చదవడానికి రావు. కానీ ప్రతి అక్షరానికి ఎడమవైపున నల్లటి నీడ ఉంది.

పటాన్‌చెరులో బోర్డులు రాసేవాళ్లందరూ నీడ కుడివైపు వేసేవాళ్లు. నర్సన్న ఎడమవైపు వేసేవాడు.

"జెర ఆపు బిడ్డా."

"ఆపితే చస్తది కాకా."

"ఎవరు?"

"బస్సు."

నర్సన్న మెడ వంచి చూశాడు. బస్సు లింగంపల్లి దాటింది, రామచంద్రాపురం దాటింది. పటాన్‌చెరు స్టాపులో మనుషులు ఎక్కారు. కండక్టరు చెయ్యి ఊపాడు. తెర నల్లబడి దాని మీద తెల్లటి అక్షరాలు వచ్చాయి.

"ఇంతే. మూడు స్టాపుల దాకనే ఫ్రీ. మొత్తం ఆడాలంటే తొంబైతొమ్మిది రూపాయలంట" అంది సుమిత్ర.

"నాలుగోది ముత్తంగి. ఐదోది ఇస్నాపూర్."

"నీకెట్ల ఎరుక?"

"గా గోడలు గీసింది నేను."

ముందు నుంచి ఆటో డ్రైవర్ అంజయ్య అద్దంలో చూశాడు. "ఫోన్ల గోడలు గూడ కట్టినవా నర్సన్నా? మా ఆటో గిట్ల నువ్వే చేసినవా ఏంది?"

"నీ ఆటో నంబరు నేనే రాసిన. ఎనిమిది సూడు, నడుము సన్నగుంటది."

అంజయ్య నవ్వి హారన్ కొట్టాడు.

ఇస్నాపూర్ చౌరస్తాలో దిగారు. సుమిత్ర ఫోను సంచిలో వేసుకుంది. నర్సన్న రోడ్డు పక్కన నిలబడి చెయ్యి చాపాడు.

"గీడ్నే ఉండె. నలభై అడుగుల గోడ. చాయ్‌పత్త కంపెనీకి రాసిన గోడ."

అతను చూపిన చోట హైవే రెండో వరస ఉంది. ట్యాంకర్ ఒకటి దాని మీదుగా పోయింది. రోడ్డు వెడల్పు చేసినప్పుడు ఆ గోడ పోయి పద్దెనిమిది నెలలైంది.

"గా గోడనే ఐదో స్టాపుల గీసిన. కింద సంతకం గూడ పెట్టిన."

"మరి ఆడి సూడకపోయినవా?"

"కాయితం మీద గీసిచ్చిన. ఫోన్ల ఎట్లొచ్చిందో నేనెన్నడు సూడలె."

*

నర్సన్నకు నలభై ఆరేళ్లు. రసాయనాల కంపెనీలో కాంట్రాక్టు మీద డ్రమ్ములకు నంబర్లు వేస్తాడు. బుధవారం షిఫ్టులో రెండు వందల పన్నెండు డ్రమ్ములకు వేశాడు. వాడేసిన ఎక్స్‌రే ఫిల్మును బ్లేడుతో కోసి అచ్చులు తనే చేసుకుంటాడు. అచ్చును డ్రమ్ము మీద ఎడమ అరచేత్తో అదిమి, కుడిచేత్తో కుంచెను కొట్టినట్టు ఆనిస్తాడు. కుంచెను లాగితే రంగు అచ్చు కిందికి పోతుంది. బ్యాచ్ నంబరు, తేదీ, బరువు. సంతకానికి చోటు ఉండదు.

సాయంత్రం చౌరస్తాలో పాండురంగం దుకాణానికి పోయాడు. ముందు కిరాణా ఉండేది. ఇప్పుడు రీచార్జ్ చేస్తారు, ఫోన్లు బాగుచేస్తారు, కంప్యూటర్ నుంచి పాటలు, ఆటలు మెమొరీ కార్డులోకి ఎక్కిస్తారు. దుకాణం పైన ఫ్లెక్సీ ఉంది. అది రాకముందు అక్కడ రేకు బోర్డు ఉండేది. దాన్ని నర్సన్న రాశాడు.

"సేటూ, రైట్ రైట్ అని బస్సు ఆట ఉన్నదా?"

"ఉన్నది. ఐదు రూపాయలు. కార్డు తెచ్చినవా?"

"ఐదు స్టాపులదా, మూడు స్టాపులదా?"

పాండురంగం కంప్యూటర్ చూశాడు. "మూడే. ఫ్రీ ముక్క."

"మొత్తంది లేదా?"

"ఎవడో ఒకడు కొంటెనే గదా నా దగ్గరికొచ్చేది. పాత ఆటకు తొంబైతొమ్మిది పెట్టి ఏ పిచ్చోడు కొంటడు? నిన్నొచ్చిన ఆట ముప్పై రూపాయలకిస్తున్రు."

"గదే నేనడిగేది. కొత్తదానికి ముప్పై, పాతదానికి తొంబైతొమ్మిది. గిదేడి న్యాయం? పాత రేకు మీద మళ్ల రాస్తే నేను సగమే తీసుకుంటుంటి. నీ బోర్డుకే తీసుకున్న."

"నన్నంటే నేనేం జేయాలె? నేను పెట్టిన ధరనా?"

"ఎవరు పెట్టిన్రో అడుగు."

పాండురంగం కస్టమర్ కేర్‌కు ఫోను చేసి స్పీకర్ పెట్టాడు. తొమ్మిది నిమిషాలు సంగీతం వచ్చింది. ఈలోపు ఇద్దరికి రీచార్జ్ చేశాడు. తర్వాత లైనులోకి ఒక అమ్మాయి వచ్చింది. ధర ఆట తయారు చేసిన కంపెనీ నిర్ణయిస్తుంది సార్, వారిని సంప్రదించండి అని చెప్పింది. ఇంకేమైనా సహాయం కావాలా అని అడిగింది.

"కంపెనీ మూసి రెండేండ్లయిందమ్మా" అన్నాడు నర్సన్న ఫోనులోకి వంగి.

"ధన్యవాదాలు సార్" అని ఆమె ఫోను పెట్టేసింది.

*

గురువారం పొద్దున వీరలక్ష్మి గదుల ముందు నల్లా దగ్గర బిందె పెట్టి కూర్చుంది. ఆమె నర్సన్న భార్య. కంపెనీ క్యాంటీన్‌లో చపాతీలు చేస్తుంది. నర్సన్న పక్కనే నిలబడి పళ్లు తోముకుంటూ సంగతి చెప్పాడు.

"నువ్వు గీసిన గోడకు నువ్వే పైసలియ్యాలెనా? నా చపాతీ నేనే కొనుక్కొని తిన్నట్టు" అంది.

"గంత ధర ఎందుకున్నదని అడుగుతున్న."

"పాత చీరిస్తే గిన్నెలామె చిన్న చెంచా ఇస్తది. పాతదానికి ధర పెరుగుడు నేనేడ సూడలె." ఆమె బిందె తిప్పింది. "ఒక ఫొటో అన్న తీపిచ్చుకోకపోతివి, గోడ ఉన్నప్పుడు. స్టూడియో గా ఎదురుంగనే ఉండె."

"గోడ యాడికి పోతది అనుకున్న."

బిందె నిండింది. వీరలక్ష్మి నల్లా కట్టేసింది. గోడ రాసిన పదకొండు రోజులూ మధ్యాహ్నం డబ్బా తీసుకుపోయింది ఆమె. నిచ్చెన కాళ్లు పట్టుకుని నిలబడింది కూడా ఆమే.

"గా సారు ఏడున్నడు? నీతోని గీయిచ్చినాయన?"

"కిషన్‌రావు సారా? కిష్టారెడ్డిపేటల ప్లాట్లమ్ముతున్నడంట."

"పోయి అడుగు. రేపు సెలవే గదా."

*

శుక్రవారం పంద్రాగస్టు. కిష్టారెడ్డిపేట వెనక చెలకలో గళ్లుగళ్లుగా రాళ్లు పాతి ఉన్నాయి. రేకుల షెడ్డు కింద కిషన్‌రావు కుర్చీలో కూర్చుని ఉన్నాడు. 2004లో అతను రామచంద్రాపురంలో ఒక మేడ మీద ఆరుగురితో ఫోను ఆటలు తయారు చేయించాడు.

"నర్సన్నా! మంచి టైముకొచ్చినవ్. రంగు డబ్బా ఉన్నది, కుంచె ఉన్నది, రాసేటోడు రాలే. అరవై నాలుగు రాళ్లు. రాయికి రెండు రూపాయలిస్త. నంబర్లేస్తవా?"

నర్సన్న కుంచె తీసుకుని వెంట్రుకలు వేళ్లతో విడదీసి చూశాడు. చెప్పులు విడిచి మొదటి రాయి ముందు కూర్చున్నాడు. కిషన్‌రావు గొడుగు పట్టుకుని వెంట నడిచాడు. వాన లేదు, ఎండ లేదు.

"సార్, గా బస్సు ఆటకు తొంబైతొమ్మిది ఎందుకు పెట్టిన్రు?"

"అది ఇంక నడుస్తున్నదా?" కిషన్‌రావు నవ్వాడు. "ఆ రోజుల్ల అన్నిటికీ తొంబైతొమ్మిదే. తర్వాత అందరు తగ్గించుకున్నరు. తగ్గించాలంటే లోపలికి పోయి మార్చాలె. దానికి పాస్‌వర్డ్ గావాలె. పాస్‌వర్డ్ పెట్టిన పిల్ల పెండ్లి చేసుకొని పుణె పోయింది. ఆమెకే యాదిలేదంట."

"అంటే మర్చిపోయినందుకు తొంబైతొమ్మిది."

"గట్లనే అనుకో."

నర్సన్న పన్నెండో రాయి పూర్తి చేసి పదమూడుకు జరిగాడు.

"కొన్నోళ్ల పైసలు ఎవరికి పోతయి?"

"సగం ఫోన్ కంపెనీ ఉంచుకుంటది. సగం మా ఖాతాకు పంపిస్తది. ఖాతా బంద్ అయింది. వాపస్ పోతది. నిరుడు ఒక కాయితమొచ్చింది. మొత్తం ఏడాదికి కొన్నది ఇద్దరు."

"నేను గీసిన గళ్ల కాయితాలు ఉన్నయా సార్?"

"ఆఫీసు ఖాళీ చేసినప్పుడు అన్ని పాతకాయితాలోనికి రద్దీల పోయినయి. చెప్తున్న విను, ఈ నెలాఖరుకు ఫోనోళ్లతోని కాంట్రాక్టు అయిపోతది. తర్వాత ఆటనే తీసేస్తరు."

నర్సన్న ఇరవై, ఇరవై ఒకటి, ఇరవై రెండు రాశాడు. ఆ కాయితాల మీద అడ్డంగా నూట ఇరవై ఎనిమిది గళ్లు ఉండేవి. ఒక గడి ఒక చుక్క. నలభై అడుగుల గోడను ఆ గళ్లలోకి దించడానికి అతనికి పంతొమ్మిది రోజులు పట్టింది. స్కెచ్ పెన్నుతో ఒక్కో గడి నింపాడు. చివరన కుడిమూలలో, బోర్డులకు పెట్టినట్టే, సంతకం పెట్టాడు. నర్సన్న ఆర్ట్స్, పటాన్‌చెరు అని రాయడానికి గళ్లు చాలలేదు. న ఒక్కటే రాశాడు. ఏడు గళ్ల ఎత్తు.

"న్యాయంగ అయితే ఎంతుండాలె సార్, దాని ధర?"

"ఇప్పుడా? నాలుగేండ్ల ఆట." కిషన్‌రావు గొడుగు మూశాడు. "ఒక్క రూపాయి పెట్టినా ఎక్కువే."

ముప్పై ఏడో రాయి మీద నర్సన్న ఏడు రాస్తున్నాడు. కుంచె ఆగింది. రంగు చుక్క ఒకటి రాయి మీద కిందికి జారింది. గుడ్డతో తుడిచి, ఆరేదాకా చూసి, ఏడు మళ్లీ రాశాడు.

మిగిలిన ఇరవై ఏడు రాళ్లకూ నంబర్లు వేసి, డబ్బు తీసుకుని వచ్చాడు.

*

శనివారం సాయంత్రం నర్సన్న, సుమిత్ర కలిసి పాండురంగం దుకాణానికి వచ్చారు.

"ఈమె నంబరుకు రీచార్జ్ చెయ్యి సేటూ. తొంబైతొమ్మిది నిలవాలె."

"నూట ఇరవై వేస్తెనే తొంబైతొమ్మిది నిలుస్తది. మధ్యల పన్నులున్నయి." పాండురంగం అతని ముఖం చూశాడు. "కొంటున్నవా? మొన్న లొల్లి చేస్తివి గదా న్యాయమని?"

"చెయ్యి."

"జెర ఆగరాదు? ఆఫరొస్తదేమో."

"రాదు. తీసేస్తరు."

నర్సన్న రాళ్ల డబ్బు తీసి కౌంటరు మీద పెట్టాడు. నోట్ల అంచులకు నల్లరంగు అంటి ఉంది. సుమిత్ర ఫోనులో మెసేజ్ వచ్చింది. ఆమె తెర మీద 'కొనాలా?' అన్న చోటికి పోయి నర్సన్న వైపు చూసింది.

"నొక్కుదునా కాకా? నొక్కినంక మళ్ల రావు పైసలు."

"నొక్కు."

ఆట దిగడానికి ఆరు నిమిషాలు పట్టింది. సగంలో ఒకసారి ఆగింది. సుమిత్ర దుకాణం మెట్లు దిగి రోడ్డు మీద సిగ్నల్ ఉన్న చోట చెయ్యి ఎత్తి నిలబడింది. నర్సన్న ఆమె పక్కన నిలబడ్డాడు. అది ఒకప్పుడు గోడ ఉన్న వైపు.

*

ఆదివారం తొమ్మిది గంటలకు సుమిత్ర తన గది గడప మీద కూర్చుని ఆట మొదలుపెట్టింది. నర్సన్న మెట్టు కింద పీట వేసుకున్నాడు. వీరలక్ష్మి ఎదురుగా చిక్కుడుకాయ తుంచుతోంది. గంటసేపు ముత్తంగి దగ్గరే బస్సు చస్తూ వచ్చింది. అక్కడ బర్రెలు అడ్డం వస్తాయి.

"గా బర్రెలు గూడ నీవేనా కాకా?"

"నావే."

"జెర తక్కువ గీస్తే ఏం పోయె?"

"గా సారు ఎనిమిది గీయమన్నడు. నేను ఐదే గీసిన. మిగతావి ఆల్లే పెట్టుకున్నరు."

పదకొండు గంటల నలభై నిమిషాలకు బస్సు ముత్తంగి దాటింది. సుమిత్ర కేక వేసింది. వీరలక్ష్మి చిక్కుడుకాయ గిన్నె పక్కన పెట్టి లేచి వచ్చింది. నర్సన్న అద్దాలు పెట్టుకున్నాడు.

పచ్చటి గోడ వచ్చింది. ఎర్ర అక్షరాలు వచ్చాయి, ఎడమవైపు నీడతో. కప్పు వచ్చింది. కప్పు మీద పొగ.

"పొగ మూడు పాయలుండె గదా. రెండే ఉన్నయి" అంది వీరలక్ష్మి.

"గళ్లు సరిపోలె." నర్సన్న వేలు చాపాడు. "కింద సూడు. కుడిమూల."

కుడిమూలలో నల్లటి పట్టీ ఉంది. దాని మీద తెల్లటి ఇంగ్లీషు అక్షరాలు నాలుగు ఉన్నాయి.

"గిదేంది?"

"బ్యాక్ అని కాకా. బటన్ పేరు. ఎన్కకు పోనీకి."

"తీసెయ్యి."

"అది పోదు. ఫోన్‌ది."

"అన్ని ఫోన్లల్ల ఉంటదా?"

"అన్నిట్ల గాడ్నే ఉంటది."

కండక్టరు చెయ్యి ఊపాడు. బస్సు కదిలింది. గోడ పోయింది. ఆట అయిపోయిందని రాత వచ్చింది. స్టాపు దగ్గర బస్సు ఆగేది పద్నాలుగు సెకన్లు.

"మళ్ల పెట్టు బిడ్డా."

ఈసారి మొదటి నుంచి ఆడనక్కరలేదు. సుమిత్ర ఐదో స్టాపు ఎంచి నొక్కింది. గోడ వచ్చింది. నర్సన్న ఫోను చేతిలోకి తీసుకుని ముఖానికి దగ్గరగా పెట్టుకున్నాడు. బొటనవేలి గోరుతో నల్లపట్టీ మీద గీకాడు. పాత రంగు ఊడిందో లేదో చూడటానికి గోడ మీద గీకినట్టు గీకాడు.

"కాకా, గ్లాసుకు గీతలు పడతయి."

అతను గోరు తీశాడు. సుమిత్ర తల వంచి చూసింది.

"పట్టీ మీద గా తెల్ల చుక్కలేంది? మూడు ఉన్నయి. కొంగనా?"

నర్సన్న అద్దాలు పైకి జరిపాడు. పట్టీ పై అంచు దాటి మూడు చుక్కలు ఏటవాలుగా ఉన్నాయి.

"తలకట్టు" అన్నాడు.

"దేనిది?"

"న తలకట్టు. మిగతాది కిందున్నది."

వీరలక్ష్మి అతని భుజం మీదుగా వంగి చూసింది. బస్సు కదిలింది.

సుమిత్ర ఆ స్టాపు పదకొండుసార్లు పెట్టింది. పదకొండోసారి బ్యాటరీ అయిపోయింది. ఆమె ఫోను చార్జింగ్‌కు పెట్టడానికి లోపలికి పోయింది. వీరలక్ష్మి మళ్లీ గిన్నె ముందు కూర్చుంది.

"నేను సూసిన తియ్, పొగ మంచిగున్నది" అంది.

నర్సన్న పీట మీదే ఉన్నాడు. చూపుడువేలితో మెట్టు మీద దుమ్ములో చతురస్రం గీశాడు. దాని కుడిమూలలో అడ్డంగా గీత పెట్టాడు. తర్వాత అరచేత్తో చెరిపాడు.

*

సెప్టెంబరు ఒకటిన ఆటోలో సుమిత్ర ఫోను తీసి అమ్మే ఆటల జాబితా చూసింది. బస్సు ఆట అందులో లేదు. ఆమె కొన్నది ఆమె ఫోనులో ఉంది.

ఆ వారం వానకు పాండురంగం దుకాణం ఫ్లెక్సీ మధ్యకు చినిగింది. ఆదివారం, సెప్టెంబరు 7న, అతను గోదాములో నుంచి పాత రేకు బోర్డు తీయించాడు. నర్సన్న దాన్ని ఉప్పుకాగితంతో రుద్ది, పచ్చరంగు కొట్టి, ఆరిన తర్వాత సుద్దతో గీతలు గీశాడు. సుమిత్ర మధ్యాహ్నం వచ్చి ఫోను ఇచ్చింది. పాండురంగం కేబుల్ పెట్టి బస్సు ఆటను కంప్యూటర్‌లోకి తీసుకున్నాడు.

"ఇగ మొత్తం ఆట నా దగ్గరున్నది. బోర్డు మీద రాయి నర్సన్నా. రీచార్జ్. రిపేర్. కొత్త ఆటలు ఐదు రూపాయలు. దాని కింద రైట్ రైట్, ఐదు స్టాపులు, అది గూడ ఐదే."

నర్సన్న రాస్తూ పోయాడు. రీచార్జ్, రిపేర్, కొత్త ఆటలు రూ. 5. ఎర్ర అక్షరాలకు ఎడమవైపు నీడ వేశాడు. రైట్ రైట్, ఐదు స్టాపులు. దాని ఎదురుగా రూ. 10 అని రాశాడు.

పాండురంగం కౌంటరు వెనక నుంచి బయటికి వచ్చాడు.

"గిదేంది? కొత్తదానికి ఐదు, పాతదానికి పదా? ఏడి న్యాయమని నువ్వే గదా అడిగినవ్?"

నర్సన్న సున్నాను మరోసారి దిద్దాడు.

"పది ఎవడిస్తడు నర్సన్నా? జెర తుడువు."

"ఎనామిల్ రంగు సేటూ. తుడిస్తే పచ్చరంగు గూడ పోతది."

పాండురంగం లోపల ఫోను మోగితే పోయాడు.

సంతకం మిగిలింది. నర్సన్న సన్నకుంచె తీసి తెల్లరంగులో ముంచాడు. బోర్డు కుడిమూల ముందు కూర్చున్నాడు. తర్వాత లేచి, స్టూలును ఎడమవైపుకు జరుపుకుని, దాని మీద ఎక్కాడు. పైన ఎడమ మూలలో నర్సన్న ఆర్ట్స్, చిట్కుల్ అని రాశాడు.

నాలుగున్నరకు బోర్డు ఎక్కించారు. కింద కుడిమూల ఖాళీగా ఉంది.